సవరణ: బురద దారిని 'తప్పించి వెళ్లడం' అంటే

మౌంటెన్ బైకర్లు, నడిచేవాళ్లు కలిసి వాడే కొండదారుల గురించి రాసిన గత పోస్టులో "బురద కనిపిస్తే తప్పించి వెళ్లండి" అనే వాక్యం ఉంది. కొందరు దాన్ని పక్కనున్న గడ్డి మీదుగా తొక్కమని అర్థం చేసుకున్నారు. ఆ వాక్యం తీసేశాను, దాని బదులు ఇది చదవండి.

చిన్న బురద గుంట అడ్డొస్తే, సైకిల్ దిగి నడిపించుకుంటూ అయినా సరే, మధ్యలోంచే వెళ్లాలి. పక్క నుంచి వెళితే మొక్కలు నలిగిపోతాయి, గుంట వెడల్పవుతుంది, తర్వాత వచ్చేవాళ్లు ఇంకాస్త పక్కకు జరుగుతారు. సన్నని కాలిబాటలు బండిబాటలంత అయిపోయేది ఇలాగే. చూస్తే బాధేస్తుంది.

దారంతా మెత్తబడి టైరు వెనక గాడి పడుతుంటే మాత్రం వెనక్కి తిరగాల్సిందే. తర్వాతి వానకు ఆ గాడే కాలువవుతుంది. నీళ్లు పక్కకు జారకుండా దారి వెంటే పరుగెత్తి మట్టిని కోసుకుపోతాయి. ఇసుక నేల త్వరగా ఆరుతుంది, బంకమట్టికి చాలా రోజులు పడుతుంది. కాబట్టి వాన ఆగాక ఎన్ని రోజులు ఆగాలన్నదానికి అన్నిచోట్లా ఒకే లెక్క కుదరదు.

ఇంకొకటి. నిలిచిన నీళ్లకు కాలువ తీయమని కూడా రాశాను. అది దారిని నిర్వహించేవాళ్ల అనుమతితోనే చేయాలి. పద్ధతిగా వేసిన దారికి లోయ వైపు సుమారు 5 శాతం వాలు ఉంటుంది. చాలాసార్లు ఆ అంచున పేరుకున్న మట్టిగట్టు తీసేస్తే చాలు, నీళ్లు వాటంతటవే పోతాయి. బురదలో కొమ్మలు, రాళ్లు మాత్రం వేయకండి, నడిచేవాళ్ల కాళ్లు మడతపడతాయి.