అమ్మ గదిలో గోడెక్కిన సీసీ కెమెరా గారికి

అయ్యా కెమెరా గారూ,

మా ఇంట్లో అందరికన్నా ఎత్తున కూర్చున్నారు కాబట్టి 'గారు' తప్పదు.

గుంటూరులో అమ్మ మంచానికి ఎదురుగా మిమ్మల్ని బిగించి ఎనిమిది నెలలైంది. పక్షవాతంతో కుడివైపు పడిపోయిన మనిషిని హైదరాబాద్ నుంచి నేను, పుణె నుంచి చెల్లి, డల్లాస్ నుంచి తమ్ముడు కలిసి చూసుకుంటున్నాం. కాదులెండి, చూస్తున్నాం. చూసుకోవడం ఏజెన్సీ పంపిన అమ్మాయి వంతు.

ఈ ఎనిమిది నెలల్లో ఏడుగురు మారారు. ప్రతిసారీ ఫోన్లో ఒకటే మాట: "ఫుల్లీ ట్రైన్డ్ సార్!" ఆధార్ జిరాక్సు ఒకటి వాట్సాప్‌లో పడేసి, పోలీసు వెరిఫికేషన్ అయిపోయిందంటారు. మూడో అమ్మాయి ముక్కు గొట్టాన్ని మొదటిసారి చూసింది మా ఇంట్లోనే. అమ్మని వెల్లకిలా పడుకోబెట్టి గొట్టంలో జావ పోయబోతుంటే, పాలు పోయడానికి వచ్చిన పక్కింటి పిన్నిగారు చూసి కేకేశారు. తల ఎత్తి పెట్టకపోతే అది ఊపిరితిత్తుల్లోకి పోతుందని ఆవిడకి తెలుసు. మీరు దాన్ని హెచ్‌డీలో రికార్డు చేశారు.

మీ పనితనం గురించి ఒక్క మాట. ఫ్యాను గాలికి క్యాలెండర్ ఊగినా, గోడ మీద బల్లి పాకినా మూడు ఊళ్ళలో మూడు ఫోన్లు మోగిస్తారు. అమ్మ నడుం కింద పుండు పడింది మాత్రం కదలక. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలన్నారు డాక్టరు. పుండ్లు పడకుండా వేసిన ఎయిర్ బెడ్ మోటారు ప్లగ్గు పీకి అప్పుడున్న అమ్మాయి ఫోను ఛార్జింగ్ పెట్టుకుంది. రాత్రంతా గదిలో ఏ కదలికా లేదు. మీరూ చప్పుడు చెయ్యలేదు. మేం ముగ్గురం హాయిగా నిద్రపోయాం.

తప్పు ఆమెదే అందామనుకున్నాం. కానీ ఇరవై నాలుగు గంటల డ్యూటీ అని రాసిచ్చారు. రెండు గంటలకోసారి లేచే మనిషి పడుకునేదెప్పుడో ఆ కాగితంలో లేదు. మేం కట్టేది నెలకి 24 వేలు, ఆమె చేతికొచ్చేది 13 వేలట. ఈ సంగతి మీ మైకులోనే విన్నాను, ఎవరికో ఫోన్లో చెప్పుకుంటుంటే.

ఇక మీ స్పీకరు. ఓసారి రాత్రి రెండింటికి, తమ్ముడికి అప్పుడు మధ్యాహ్నం, వాడు అందులోంచి "అమ్మని తిప్పు!" అని గర్జించాడు. ఆ అమ్మాయి అదిరిపడి లేచింది. అమ్మ కదిలే ఎడమ చెయ్యి ఒక్కటీ ఎత్తి పైకి నమస్కారం పెట్టింది. దేవుడనుకుందేమో.

ఇళ్ళకి మనుషుల్ని పంపే ఏజెన్సీలు రిజిస్టర్ కావాలని, వాటికి కనీస ప్రమాణాలుండాలని 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల చట్టానికి సవరణగా 2019 డిసెంబరులో లోక్‌సభలో ఓ బిల్లు పెట్టారు. అది పార్లమెంటు స్థాయీ సంఘం దాకా వెళ్ళొచ్చి మంచాన పడింది. దాన్నీ ఎవరూ పక్కకి తిప్పలేదు. 2024లో ఆ సభతోపాటే పోయింది.

మొన్న వచ్చిన ఏడో అమ్మాయి డైపర్ మార్చే ముందు మీ మొహాన తువ్వాలు కప్పింది. గ్రూపులో గగ్గోలు. "ఏం దాస్తోంది?" అని తమ్ముడు, "పోలీసులకి చెబుదామా?" అని చెల్లి. ఎనిమిది నెలలుగా అమ్మ ఒంటిని ముగ్గురం ముగ్గురు ఫోన్లలో చూస్తున్నామని, దానికి అమ్మని ఎవరమూ అడగలేదని అప్పటికి గానీ నాకు తట్టలేదు. పది నిమిషాల తర్వాత తువ్వాలు తీసింది. అమ్మ శుభ్రంగా, ఎడమవైపు తిరిగి, కాళ్ళ మధ్య దిండుతో పడుకునుంది.

తమ్ముడు రెండో కెమెరా ఆర్డరు పెట్టాడు. గురువారం వస్తుంది, మీకు తోడు. ఆ అమ్మాయికి కూడా రాత్రి డ్యూటీకి ఒక తోడు పెడదామా, తలా కొంత వేసుకుందామని గ్రూపులో రాశాను. ఇద్దరూ చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి.

ఇట్లు,
మీ కళ్ళతో అమ్మని చూసే
పెద్దకొడుకు