బద్ధకమనే తేలిక మాట

హైదరాబాద్ మళ్లీ సగం దాటలేదు. 2024 మే 13, సోమవారం లోక్‌సభ పోలింగులో ఇక్కడ పడిన ఓట్లు 48.48 శాతం, 2019లో 44.84. అంకె బయటికొచ్చిందో లేదో తిట్లు మొదలయ్యాయి. నగర ఓటరు బద్ధకస్తుడట, సెలవిస్తే ఊరెళ్లిపోయాడట.

ఊరెళ్లిన మాట నిజమే. ఎందుకెళ్లాడు? ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే రోజు, అసెంబ్లీతో కలిపి పోలింగు. విజయవాడ దారిలో పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన కార్లను, బస్సులను చూసినవాళ్లెవరూ అది బద్ధకమనరు. ఆంధ్రప్రదేశ్‌లో పోలింగు 80 శాతం దాటింది. రెండుచోట్లా పేరున్నవాళ్లు, ఇల్లు మారినా పాత వీధిలోనే ఓటున్నవాళ్లు ఇక్కడి లెక్కలో ఉంటారు. జాబితా సరిచేయకుండా శాతం చూసి జనాన్ని తిట్టడం తేలిక.

ఓటేయకుండా ఇంట్లో పడుకున్నవాళ్లూ ఉన్నారు, వాళ్లను మేం వెనకేసుకురావడం లేదు. కానీ పాలమూరు నుంచి వచ్చిన తాపీమేస్త్రీని ఏమనాలి? పోలింగు రోజు జీతంతో సెలవివ్వాలని చట్టంలో ఉంది. అడ్డా కూలీకి ఆ జీతం ఎవరిస్తారు? ఇక్కడే ఓటు రాయించుకోవచ్చు కదా అంటారు. ఆర్నెల్లకో సైటు మారేవాడు ఏ చిరునామా చూపిస్తాడు? సైనికుడికి పోస్టల్ ఓటుంది, ఎన్నికల సిబ్బందికి ఉంది, ఈసారి 85 ఏళ్లు దాటినవాళ్ల ఇంటికే బ్యాలెట్ వెళ్లింది. మేస్త్రీ దగ్గరికొచ్చేసరికి మాత్రం బద్ధకం గుర్తొస్తుంది. (విచారణ ఖైదీ సంగతి మరీ విడ్డూరం. జైలు నుంచి పోటీ చేయొచ్చు, ఓటేయకూడదు.)

2019లో సుమారు 30 కోట్ల మంది ఓటేయలేదని చెప్పింది ఎన్నికల సంఘమే. వలస ఓటరు ఉన్నచోటి నుంచే ఓటేసేలా, ఒకే బూత్ నుంచి 72 నియోజకవర్గాలకు పనికొచ్చే యంత్రం తయారుచేశామని 2022 డిసెంబరులో ప్రకటించిందీ ఆ సంఘమే. మరుసటి నెల 16న చూడ్డానికి రమ్మని పార్టీలను పిలిచింది. వలస ఓటరంటే ఎవరు, పరాయి రాష్ట్రంలో ఎన్నికల కోడ్ ఎలా అమలవుతుంది, యంత్రాన్ని నమ్మేదెలా అని ప్రతిపక్షాలు అడిగాయి. అడగాల్సినవే. జవాబులు వెతకాల్సింది పోయి అందరూ చేతులు దులుపుకొన్నారు. 2024 ఎన్నికల్లో దాని ఊసే లేదు.

ఎన్నికలొస్తే తమ ఓటర్లను ఊళ్లకు తరలించడానికి బస్సులు మాట్లాడే పార్టీలకు, ఆ ఓటరు కదలకుండా ఓటేసే దారి మాత్రం అక్కర్లేదు. పోలింగు పెరగాలని హోర్డింగులు పెట్టే అధికారులకూ అక్కర్లేదు. నగరానికి బుద్ధులు చెప్పడం తర్వాత చూద్దాం. ముందు ఆ యంత్రాన్ని ఏ గదిలో పెట్టి తాళం వేశారో చెప్పండి.