బిడ్డ దక్కని బాలింతకు లెక్కల్లో చోటేది?

ప్రభుత్వాసుపత్రిలో ప్రసవించిన స్త్రీని ఉచితంగా ఇంటికి చేర్చే వాహనానికి మన రాష్ట్రంలో తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ అని పేరు. పేరులోనే ఒక షరతు ఉందని నిరుడు జూన్ చివరి వారం దాకా నాకు తట్టలేదు. బంధువుల అమ్మాయి ప్రసవమైతే చూడటానికి తిరుపతిలో ఒక ఆసుపత్రికి వెళ్లాను. బాలింతల వార్డులో చివరి మంచం మీద ఒక యువతి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే పని ఆమెది. ఎనిమిదో నెలలో కడుపులో బిడ్డ కదలడం మానేసింది. పక్క మంచాల మీద పసిబిడ్డలు ఏడ్చినప్పుడల్లా ఆమెకు పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోతోంది. తల్లి పాత చీర చింపి ఛాతీకి బిగించి కడుతూ, పచ్చి ఒళ్లు, ఏడవొద్దని బతిమాలుతోంది. ఇంతలో నర్సు వచ్చి బిడ్డకు టీకా వేయించారా అని అడిగింది. మంచం నంబరు మరోసారి చూసుకుని నాలుక కరుచుకుంది.

ఆ నర్సును తప్పుపట్టలేను. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని ఎక్కడ పడుకోబెట్టాలో, ఆమెతో ఏం మాట్లాడాలో నర్సుకు ఎవరూ నేర్పి ఉండరు. స్తోమత ఉన్న కుటుంబానికి ఇదే కష్టం వస్తే వేరే గది దొరుకుతుంది, తలుపు మూసుకుని ఏడ్చే వీలుంటుంది, బిడ్డ ఎందుకు పోయిందో తేల్చే పరీక్షల కోసం వెల్లూరుకో చెన్నైకో వెళ్లే దారి ఉంటుంది. పేదరాలికి ఏడుపు కూడా పదిమంది మధ్యనే.

పాల సంగతే తీసుకుందాం. మృత శిశువును కన్న తల్లికి రెండు మూడు రోజుల్లో పాలు పడతాయని, గడ్డకట్టి జ్వరం రావచ్చని చాలామందికి ఆసుపత్రి వదిలే ముందు ఎవరూ చెప్పరు. పాలు ఆగడానికి రొమ్ములకు మల్లెపూలు కట్టాలని మన పెద్దవాళ్లు చెబుతారు. చిత్తూరుకు కూతవేటు దూరంలోని వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు ఆ మల్లెపూలను బ్రోమోక్రిప్టిన్ అనే మందుతో పోల్చి చూసి, పూలూ పనిచేస్తున్నాయని 1988లోనే ప్రచురించారు. పల్లె ముసలమ్మకు తెలిసింది, పరిశోధకులు పట్టించుకున్నది మన డిశ్చార్జి కాగితంలోకి మాత్రం ఒక్క వాక్యంగానైనా రాలేదు.

ఆ యువతి బిడ్డను తండ్రి తువ్వాలులో చుట్టి, చేతిసంచిలో పెట్టుకుని ఆర్టీసీ బస్సులో ఊరికి తీసుకెళ్లాడని తరువాత తెలిసింది. 2022 ఏప్రిల్‌లో ఇదే తిరుపతిలో ప్రైవేటు అంబులెన్సుల వాళ్లు అడిగినంత ఇచ్చుకోలేక ఒక తండ్రి పదేళ్ల కొడుకు మృతదేహాన్ని ద్విచక్ర వాహనంపై సుమారు 90 కిలోమీటర్లు తీసుకెళ్లినప్పుడు రాష్ట్రమంతా అట్టుడికింది. సంచితో బస్సెక్కిన తండ్రి ఎవరి కంటా పడడు.

ఇక చట్టానికి వద్దాం, ఎందుకంటే అసలు అన్యాయం అక్కడే కరడుగట్టి ఉంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం బిడ్డ అనే మాటకు అర్థం చెబుతూ మృత శిశువును కూడా అందులో చేర్చింది. అరవై ఏళ్ల కిందటి శాసనం అంత మానవీయంగా ఆలోచించిందంటే నమస్కరించాలనిపిస్తుంది. 26 వారాల లోపు గర్భస్రావమైతే ఆరు వారాల వేతన సెలవునూ అది ఇచ్చింది; దాని స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ ఆరు వారాలు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకైతే, మృత శిశువు పుట్టినా పుట్టిన వెంటనే బిడ్డ చనిపోయినా 60 రోజుల ప్రత్యేక సెలవు ఇస్తూ 2022 సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చింది. మంచిదే. అయితే ప్రసూతి ప్రయోజనం దక్కాలంటే అంతకుముందు పన్నెండు నెలల్లో ఆ యజమాని దగ్గర కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. తోతాపురి మామిడి కోత మొదలై గుజ్జు ఫ్యాక్టరీలు మూతపడేదాకా మహా అయితే రెండు, రెండున్నర నెలలు. రాత్రింబవళ్లు నిలబడి కాయలు కోసే స్త్రీకి, ఏ రోజూ మానకపోయినా, 80 రోజులు నిండటమే గగనం. పైగా ఆమెను పనిలో పెట్టుకున్నది ఫ్యాక్టరీ కాదు, మేస్త్రీ. ఒకే జిల్లాలో, ఒకే నెలలో, ఒకే దుఃఖం పడిన ఇద్దరు స్త్రీలలో ఒకరికి రెండు నెలల విశ్రాంతి, మరొకరికి ఒక్క పూట కూడా లేదు.

అసంఘటిత కార్మికుల కోసం ప్రధానమంత్రి మాతృవందన యోజన ఉంది కదా అంటారు. తొలి కాన్పుకు ఇచ్చే 5,000 రూపాయల్లో రెండో విడత 2,000 చేతికి రావాలంటే బిడ్డ జననం నమోదై తొలి టీకాలు పడాలి. బిడ్డ పోతే ఆమె మళ్లీ గర్భం దాల్చినప్పుడు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆశా కార్యకర్త 42 రోజుల లోపు ఇంటికి వచ్చి చూసే పథకం పేరే నవజాత శిశు సంరక్షణ. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఆశాకు దక్కే 250 రూపాయలకు తల్లీబిడ్డలిద్దరూ క్షేమంగా ఉండటం ఒక షరతు. మన రాష్ట్రంలో 2019 నుంచి ఆశాలకు నెలకు 10,000 గౌరవ వేతనం ఉంది కాబట్టి ఆ 250 కోసం ఎవరూ వెళ్లడం మానరు, నిజమే. నా అభ్యంతరం డబ్బు గురించి కాదు, చూపు గురించి. బిడ్డ ద్వారా తప్ప తల్లిని చూడటం ఈ వ్యవస్థకు రాదు. ఆ తల్లి మళ్లీ నెల తప్పి, ప్రతి నెలా తొమ్మిదో తారీఖున జరిగే గర్భిణుల పరీక్షకు వెళ్తే మాత్రం పాత నష్టం ఒక్కసారిగా గుర్తొచ్చి, ప్రమాదకర గర్భమని కార్డు మీద ఎర్ర స్టిక్కరు పడుతుంది. మధ్యలో గడిచిన నెలల్లో ఆమె రక్తహీనతను, రక్తపోటును ఎవరు చూశారు?

ముందు మరణాలు ఆపండి, ఓదార్పులు తరువాత చూద్దామనే వాదన ఒకటుంది. మంచాలు చాలని ఆసుపత్రిలో ప్రత్యేక గది ఎక్కడి నుంచి తెస్తామని అడిగే వైద్యుల ఇబ్బందీ కాదనలేనిది. కానీ 2030 నాటికి మృత జననాల రేటును ఒక అంకెకు, అంటే వెయ్యి కాన్పులకు పది లోపుకు, తెస్తామని 2014లో భారత నవజాత శిశు కార్యాచరణ ప్రణాళికలో రాసుకున్న దేశం, బిడ్డ ఎందుకు పోయిందో తల్లిని కూర్చోబెట్టి అడగకుండా ఆ అంకెను ఎలా చేరుతుంది? మంచాన్ని బాలింతల వార్డు నుంచి గైనిక్ వార్డుకు మార్చడానికి బడ్జెట్ అక్కర్లేదు.

నన్నడిగితే ఇది ఆసుపత్రిలో తేలే వ్యవహారం కూడా కాదు. మన సమాజం కూలి స్త్రీ ఒంటిని పనిముట్టుగా చూడటానికి అలవాటు పడింది. ఇటుక బట్టీల వెంట వలసపోయే యానాది స్త్రీ, నాట్లకు వెళ్లే దళిత స్త్రీ, గుజ్జు ఫ్యాక్టరీలో నిలబడే బీసీ స్త్రీ ఎప్పుడు విశ్రాంతి తీసుకోవాలో నిర్ణయించేది వైద్యుడు కాదు, మేస్త్రీ. పురిటి మైలకు పదకొండు రోజులు పక్కన కూర్చోబెట్టే ఇల్లు కూడా, బిడ్డ లేదు కాబట్టి పథ్యం ఎందుకని మూడో రోజే చీపురు చేతికిస్తుంది. అందుకే సెలవును యజమాని దయకు వదలకుండా, మామిడి మీద వసూలయ్యే మార్కెట్ రుసుములో కొంత వేరుచేసి, ఆసుపత్రి ఇచ్చే మృత జనన నివేదికే ఆధారంగా ఆరు వారాల కూలిని నేరుగా ఆమె ఖాతాలో వేయాలని నేనంటాను. మృత జననాన్ని నమోదు చేయాలని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ఎప్పుడో చెప్పింది. కాగితం ఇప్పటికే ఉంది. దానికి విలువ కట్టడమే మిగిలింది.

ఆ యువతి పదమూడో రోజున మళ్లీ లైనులో నిలబడిందని ఆమె తల్లి ఫోనులో చెప్పింది. సీజను ఇంకా మూడు వారాలుందట.