రెండోసారి అడగండి

మొన్న డిసెంబరులో మన సంఘం వాళ్లు నెల్లూరు టౌన్‌హాల్లో, పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులకు సన్మానం పెడితే కావలి నుంచి మేమిద్దరం వెళ్లాం. శాలువాలు కప్పారు, బాగానే ఉంది. ఆ తర్వాత అమెరికా నుంచి వచ్చిన కుర్రాడొకడు మైకు పట్టుకుని, "మంచుకాలంలో పెద్దవాళ్లను గడప దాటనివ్వకండి, మనవళ్ల దగ్గర వెచ్చగా కూర్చోబెట్టండి" అన్నాడు. హాలంతా చప్పట్లు. మా ఆవిడ కూడా కొట్టింది! నాకు మాత్రం ఆ శాలువా గుచ్చుకుంది.

అంతకుముందు ఫిబ్రవరిలో అమెరికాలో ఉన్న మావాడు స్నేహితుడి ఆర్‌వీలో, అంటే ఇల్లులాంటి బండిలో, మమ్మల్ని కొలరాడోలోని గ్రాండ్ లేక్‌కు తీసుకెళ్లాడు. 8,000 అడుగుల పైన ఉన్న ఊరు. నీళ్లు గడ్డకడితే పైపులు పగులుతాయని ముందే ఖాళీ చేసి, వాటిలో గులాబీ రంగు యాంటీఫ్రీజ్, అంటే చలికి గడ్డకట్టని ద్రవం, పోశాడు. తాగడానికైనా కడుక్కోవడానికైనా క్యాన్ల నీళ్లే. రాత్రంతా గ్యాస్ హీటరు గుర్రుమని లేవడం, ఆగడం. కిటికీ పక్కనున్న కొబ్బరినూనె సీసా తెల్లారేసరికి కొవ్వొత్తయింది. మా ఆవిడ దాన్ని శాలువాలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంటి నుంచి తెచ్చిన చేపల పులుసు మాత్రం రెండోరోజుకు అద్భుతం. మామిడికాయ ఎక్కడిదని అడక్కండి, ఫ్రోజెన్.

పొద్దున్నే స్నోమొబైల్, అదే మంచు మీద నడిచే బండి. ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా. కుడి బొటనవేలితో నొక్కితే కదులుతుంది. నడిపేవాడి కోటుకు ఒక తాడు తగిలిస్తారు, మనిషి పడితే అది ఊడి ఇంజను ఆగిపోతుంది. మావాడి వెనక కూర్చున్నానో లేదో, టూ స్ట్రోక్ పొగ ముక్కుకు తగిలింది. బిట్రగుంటలో రైల్వే డ్యూటీకి లూనా మీద వెళ్లిన రోజులు! చదునుగా ఉన్నచోట వాడు దిగి, "నాన్నా, నువ్వు పట్టుకో. మలుపులో ఒళ్లు లోపలికి వంచు" అన్నాడు. పదో తరగతిలో వాడికి లూనా నేర్పుతూ నేను చెప్పిన మాటే.

ఆ కుర్రాడి భయం ఉత్తదేం కాదు. అంత ఎత్తులో నాకు ఆయాసం వచ్చింది. అమెరికా వెళ్లేటప్పుడు మనం కట్టే ఇన్సూరెన్సుల్లో చాలావాటిలో ఇలాంటి ఆటల్లో తగిలే దెబ్బలకు డబ్బు రాదు. అందుకే చదును చేసిన దారి వదల్లేదు. కానీ ఆర్నెల్లు కిటికీలోంచి మంచు చూస్తూ, కావలిలో చూసే సీరియళ్లే అక్కడా చూడ్డానికి అంత దూరం రావాలా నాయనా?

తప్పు మాదీ ఉంది. "మాకెందుకురా ఇవన్నీ" అని మొదట అనేది మేమే. రెండోసారి అడగండి. మా ఆవిడ మూడోసారికి ఎక్కింది, చీకటి పడుతున్నా దిగనంది.