జామా కనెక్టరు దొరగారికి బహిరంగ అర్జీ

మహారాజశ్రీ 56 పిన్నుల జామా కనెక్టరు గారి సముఖానికి, పాత గేమ్‌ప్యాడ్ల తరఫున నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి.

తమరు 1985లో జపాన్‌లో అవతరించారు. అంతకుముందు ఆర్కేడ్ క్యాబినెట్‌లో, అంటే నాణెం వేసి ఆడే గేమ్ యంత్రంలో, ఆటను నడిపే గేమ్ బోర్డు మార్చాలంటే వైరింగు కూడా మార్చుకోవాల్సి వచ్చేది. తమరొచ్చాక పాత బోర్డు పీకి కొత్తది గుచ్చితే పనైపోయింది. ఆ ఉపకారం మరువం. కానీ ఇప్పుడు ఇంట్లో క్యాబినెట్టు ఎక్కడిది? సూపర్‌గన్ అనే చిన్న డబ్బా ఒకటుంది, తమరిని ఒకవైపు, టీవీని ఇంకోవైపు పట్టుకుంటుంది. అటక మీద సూపర్ నింటెండో అనే పాత ఇంటి గేమ్ కన్సోల్ ప్యాడు కూడా ఒకటుంది. దాన్ని తమరి కొలువులో చేర్చుకోండి మహాప్రభో అంటే, ఒక్కటంటే ఒక్క మెట్టు దిగరేం?

తమరికి బటన్‌కో వైరు కావాలి. మొదటి ఆటగాడి స్టార్ట్ 17వ పిన్నులో, నాలుగు దిక్కులూ 18 నుంచి 21 దాకా, బటన్లు 22, 23, 24లో. రెండో ఆటగాడికి వెనకవైపు అదే వరస, కాకపోతే అంకెల బదులు అక్షరాలు. ప్రతి వైరునూ బోర్డు మీది పుల్అప్ రెసిస్టరు 5 వోల్టుల దగ్గర పట్టి ఉంచుతుంది. గ్రౌండుకు తగిలితే నొక్కినట్టు, వదిలితే వదిలినట్టు. తమరికొచ్చిన భాష అంతే.

ప్యాడు మాత్రం మితభాషి. 12 బటన్లున్నా బయటికొచ్చే వైర్లు ఐదే: 5 వోల్టులు, గ్రౌండు, లాచ్, క్లాక్, డేటా. లాచ్ మీద 12 మైక్రోసెకన్ల పల్సు ఇస్తే, లోపలి షిఫ్ట్ రిజిస్టర్లు (పట్టుకున్నదాన్ని ఒక్కొక్కటిగా బయటికి పంపే చిప్పులు) ఆ క్షణాన ఏయే బటన్లు నొక్కి ఉన్నాయో పట్టుకుంటాయి. ఆ తర్వాత క్లాక్ వైరు మీద ఇచ్చే 16 పల్సులకు బి, వై, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి, ఏ, ఎక్స్, ఎల్, ఆర్ అని వరసగా ఒకే వైరు మీద అప్పజెబుతుంది. చివరి నాలుగూ ఖాళీ. నొక్కిన బటను సున్నాగా వస్తుంది. మొత్తం పురాణం సుమారు 210 మైక్రోసెకన్లలో ముగుస్తుంది. తమరి బోర్డేమో మామూలుగా సెకనుకు 60 సార్లే చూస్తుంది. కనుక ఆలస్యమైందని వంక పెట్టే హక్కు తమరికి లేదు.

మీ ఇద్దరి మధ్యకి ఒక దుబాసీని తేవాలి. కోడు రాసి నడిపించుకునే చిన్న బోర్డు ఆర్డుయినో నానో చాలు. దిక్కులు నాలుగు, బటన్లు ఆరు (మూడు తమరివి, మూడు పక్క కనెక్టరువి, ఆ కథ తర్వాత), స్టార్ట్, కాయిన్: మొత్తం 12 వైర్లు తమరి వైపు, మూడు ప్యాడు వైపు. నానోలో డీ2 నుంచి డీ12 దాకా 11, ఏ0 నుంచి ఏ5 దాకా ఆరు, వెరసి 17 కాళ్లున్నాయి. ఏ6, ఏ7 కూడా కనబడతాయి గానీ అవి వినడానికే, మాట్లాడడానికి పనికిరావు. అక్కడ సోల్డరింగ్ చేసి, ఆ బటనెందుకు పలకదని కోడంతా తిరగేసేవాళ్లున్నారు. ప్యాడు వైరు కోయొద్దు, ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని దాన్ని కోయాలి. లోపలి రంగులు నమ్మొద్దు, మల్టీమీటరు బీప్ అన్నదే ప్రమాణం. డేటా వైరుకు 5 వోల్టుల నుంచి 10 కిలో ఓముల రెసిస్టరు పెట్టాలి. లేదంటే ప్యాడు పీకినప్పుడు ఆ వైరు గాల్లో తేలుతూ, ఎవరూ నొక్కని బటన్లు నొక్కుతుంది.

ఇక తమరి దగ్గర పాటించాల్సిన మర్యాద. నొక్కినప్పుడు నానో కాలు అవుట్‌పుట్ అయి సున్నా ఇవ్వాలి. వదిలినప్పుడు ఇన్‌పుట్‌గా మారి మౌనంగా ఉండాలి. వదిలాం కదా అని హై ఇవ్వకూడదు, వైరును 5 దగ్గరికి లాగే పని బోర్డుది. అదే లైనుకు ఆర్కేడ్ స్టిక్కు కూడా తగిలించి ఉంటే, నానో 5 వోల్టులు తోస్తుండగా స్టిక్కు గ్రౌండుకు లాగుతుంది. ఆ లాగులాటలో నానో కాలు దాని 40 మిల్లీ ఆంపియర్ల హద్దు దాటిపోతుంది.

కొందరు పెద్దమనుషులు నడుమ యూఎల్ఎన్2803 చిప్పును కూడా సిఫార్సు చేస్తారు. ఎనిమిది దారులు, చవక, అన్నీ బాగానే ఉంటాయి. కానీ లోపలున్నది డార్లింగ్టన్ అనే జంట ట్రాన్సిస్టర్ల అమరిక, గ్రౌండు దాకా దిగదు, 0.7 వోల్టుల చుట్టుపక్కల ఆగిపోతుంది. గేమ్ బోర్డుల మీది టీటీఎల్ రకం లాజిక్ చిప్పులు 0.8 కింద ఉంటేనే సున్నాగా ఒప్పుకుంటాయి. అందుకే ఒక బోర్డులో చక్కగా నడిచిన అడాప్టరు ఇంకో బోర్డులో మొండికేస్తుంది, నింద పాపం ప్యాడు మీద పడుతుంది. పుల్అప్ 1 కిలో ఓము ఉన్నా లైనుకు పారేది 5 మిల్లీ ఆంపియర్లే. దానికి నానో కాలే ఎక్కువ. తప్పదనుకుంటే 7407 అనే బఫర్ చిప్పు పెట్టుకోవచ్చు.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. తమరు మైనస్ 5 వోల్టులకు పీట వేశారు. నాణేలు లెక్కపెట్టే కౌంటరుకు వేశారు. క్యాబినెట్టును కుదిపితే తెలిసే టిల్టుకూ వేశారు. ఆడే మనిషికి మాత్రం మూడు బటన్లు! 1991లో స్ట్రీట్ ఫైటర్ 2 ఆరు బటన్లతో వచ్చేసరికి పంచ్‌లు మూడూ తమరి దగ్గరా, కిక్‌లు మూడూ బోర్డు మీద వేరే కనెక్టరులోనూ కాపురం పెట్టాల్సి వచ్చింది. ఆ కిక్ కనెక్టరు బోర్డును బట్టి మారుతుంది. అంటే ప్రామాణికం కావడానికి పుట్టిన తమరి పక్కనే మళ్లీ పాత రోజులే. మన పార్లర్లలో ముస్తఫా అని పిలుచుకున్న క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్‌ను ముగ్గురు ఆడొచ్చు. మూడోవాడికి తమరి దగ్గర చోటే లేదు, వాడికీ విడి కనెక్టరే గతి.

మిగతా అభ్యర్థుల సంగతి. సెగా మెగా డ్రైవ్ కన్సోల్ ప్యాడుకు ఒక సెలెక్ట్ వైరుంటుంది. అది హైలో ఉంటే బి, సి బటన్లు, లోలో ఉంటే ఏ, స్టార్ట్ కనబడతాయి. దాన్ని ఊరికే గ్రౌండుకు కట్టేస్తే ఎడమ, కుడి రెండూ ఎప్పుడూ నొక్కినట్టే ఉంటాయి. ప్లేస్టేషన్ ప్యాడు మాట్లాడేది 3.3 వోల్టుల్లో, 5 తోస్తే దానికి ప్రాణసంకటం. మన ఊళ్లలో అమ్మిన 8 బిట్ క్లోనుల (నకలు కన్సోళ్ల) ప్యాడ్లకు మెగా డ్రైవ్ లాంటి 9 పిన్నుల ప్లగ్గే ఉంటుంది, లోపల వరస మాత్రం వేరు. వెనక స్క్రూలు విప్పి, బోర్డు నుంచి ప్లగ్గు దాకా మీటరుతో చూసుకోనిదే కరెంటు ఇవ్వకూడదు.

సెలెక్టును 16వ పిన్నుకు, అంటే కాయినుకు కలుపుతాం. అయితే దాన్ని వేలితో నొక్కిపట్టినంతసేపూ పంపితే, నాణెం ఇరుక్కుందని కొన్ని బోర్డులు అలుగుతాయి. కోడులోనే 50 నుంచి 100 మిల్లీసెకన్ల దగ్గర తెంపేయాలి. అరిగిన ప్యాడ్లలో ఎడమ, కుడి ఒకేసారి పడతాయి. ఆర్కేడ్ స్టిక్కుతో అది జరగని పని కాబట్టి కొన్ని ఆటలు వింతగా ప్రవర్తిస్తాయి. రెండూ వస్తే రెండూ కొట్టేయమని దుబాసీకి చెప్పాలి.

ఇంకొక్కటి. నానోకు 5 వోల్టులు తమరి 3వ పిన్ను నుంచే తీసుకుంటాం. కోడు మార్చడానికి యూఎస్‌బీ గుచ్చే ముందు ఆ వైరు విప్పాలి. లేకపోతే ఆంపియర్ల లెక్కన తాగే గేమ్ బోర్డును ల్యాప్‌టాప్ పోషించాల్సి వస్తుంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి 22వ పిన్ను దగ్గర మీటరు పట్టుకుని నిలబడ్డ విధేయులు

తా.క.: తమరిని తిరగేసి గుచ్చకుండా 7వ పిన్ను దగ్గర అడ్డుపుల్ల ఉండాలి. చాలా హార్నెస్‌లలో (తమరిని మోసే వైర్ల కట్టలలో) అది ఊడిపోయి ఉంటుంది. తిరగబడితే 6వ పిన్నులోని 12 వోల్టులు నేరుగా 23వ పిన్నుకు, అంటే రెండో బటన్ దారిలో బోర్డులోకి పోతాయి. మైనస్ 5 మూడో బటన్‌లోకి వెళుతుంది. గ్రౌండులు మాత్రం రెండు చివరలా ఉన్నాయి కాబట్టి బుద్ధిగా గ్రౌండుల మీదే కూర్చుంటాయి. పుల్ల ఊడిన హార్నెస్‌కు ముందు పుల్ల కొనండి, తర్వాతే ప్యాడు సంగతి.