రాయి కొన్నారు సరే, దాని ఊరేది?

ముందే చెప్తున్నా, ఇది కాస్త చిరాకులో రాస్తున్న పోస్ట్. ఖనిజ స్ఫటికాలు సేకరించేవాళ్లలో చాలామంది రాయిని చూసినంత శ్రద్ధగా దాని లేబుల్‌ని చూడరు. రంగు ఎలా ఉంది, కొసలు ఎక్కడైనా విరిగాయా, లైటు వేస్తే మెరుస్తుందా, షెల్ఫ్‌లో పడుతుందా, ఇవన్నీ అడుగుతారు. ఏ గనిలో దొరికిందని మాత్రం అడగరు. ఒకవేళ అడిగినా, అమ్మేవాడు "ఆఫ్రికా" అంటే తల ఊపేస్తారు. ఆఫ్రికా అనేది ఒక అడ్రసా అండీ? ఊరు, గని పేరు తెలియని స్పెసిమెన్ (సేకరించి పెట్టుకునే ముక్క) నా లెక్కలో సగం స్పెసిమెన్. చూడ్డానికి ఎంత బాగున్నా సరే, సగమే.

ఒక్క ఫ్లోరైట్‌నే తీసుకోండి. ఎక్కడ దొరికినా అది కాల్షియం ఫ్లోరైడే. కానీ ఇంగ్లండ్‌లోని వియర్‌డేల్ లోయలో రోజర్లీ గని ఫ్లోరైట్ ఆకుపచ్చగా ఉంటుంది, ఒక ఘనంలోకి ఇంకో ఘనం దూరి పెరిగిన జంట స్ఫటికాలు అందులో ఎక్కువ. గదిలో ఆకుపచ్చగా ఉన్న ముక్కని ఎండలోకి తీసుకెళ్తే నీలంగా మారిపోతుంది, ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలే దాన్ని వెలిగించడానికి సరిపోతాయి కాబట్టి. ఆల్ప్స్‌లో షమోనీ పైన కొండ చరియల్లో దొరికేది గులాబీ రంగులో, ఎనిమిది ముఖాలతో, పొగరంగు క్వార్ట్జ్ పక్కన కూర్చుని ఉంటుంది. అమెరికాలో టెనెసీ రాష్ట్రపు ఎల్మ్‌వుడ్ గనిది ఊదారంగు ఘనాలు, కింద ముదురు రంగు స్ఫాలరైట్ అనే జింక్ ఖనిజం. ఇల్లినాయ్‌లోని కేవ్-ఇన్-రాక్ ప్రాంతపు ముక్కని వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే లోపల పసుపు, ఊదా పొరలు పొరలుగా కనిపిస్తాయి. స్ఫటికం పెరుగుతున్నంత కాలం దాన్ని పెంచిన నీరు మారుతూ వచ్చిందనడానికి ఆ పొరలే సాక్ష్యం. నాలుగు చోట్ల నాలుగు చరిత్రలు. వీటన్నిటి మీదా "ఫ్లోరైట్" అని ఒకే మాట రాసి ఊరుకుంటే ఆ నాలుగూ పోయినట్టే.

ఆ మధ్య ఒక పాత సేకరణ నుంచి వచ్చిన ముక్క ఒకటి కొన్నాను. ఫొటోలో రాయి పక్కన పసుపుబారిన చీటీ ఒకటి కనిపించింది, చేతిరాతతో. నిజం చెప్పాలంటే నేను కొన్నదే ఆ చీటీ కోసం. పార్సిల్ విప్పితే రాయి ఉంది, చీటీ లేదు. అడిగితే అమ్మినాయన ఏమన్నాడో తెలుసా? "కాగితం బాగా మురికిగా ఉందండీ, చూడ్డానికి బాగోదని తీసేశాను." ఇంటి దస్తావేజులు చించేసి తాళం చెవి చేతిలో పెట్టినట్టుంది నాకు. ఫొటోలో చీటీ మీద ఉన్న అక్షరాలు సగమే చదవగలిగాను. మిగతా సగం ఇక ఎప్పటికీ తెలియదు. ఆ గని మూతపడి చాలాకాలమైంది, వెళ్లి పోల్చి చూసుకునే అవకాశం కూడా లేదు.

ఊరి పేరుతో ఒరిగేదేమిటి అనేవాళ్లకి ఒక సంగతి చెప్తాను. 1885లో జర్మనీలో ఫ్రైబెర్గ్ దగ్గరి హిమ్మెల్స్‌ఫుర్స్ట్ వెండి గనిలో ఓ కొత్త ఖనిజం బయటపడింది. దానికి ఆర్గిరోడైట్ అని పేరు పెట్టారు. అక్కడి మైనింగ్ అకాడమీలో పనిచేసే క్లెమెన్స్ వింక్లర్ దాన్ని విశ్లేషించి, వెండి, గంధకం, మిగతావన్నీ కూడితే మొత్తం నూటికి 93 దాకా వచ్చి ఆగిపోయింది. ఎన్నిసార్లు చేసినా అంతే, ఏడు శాతం లెక్క తేలలేదు. ఆ ఏడు శాతం అప్పటిదాకా ఎవరూ చూడని మూలకమని 1886లో తేలింది. అదే జెర్మేనియం. అలాంటిదొకటి ఉండి తీరుతుందని మెండలీవ్ 1871లోనే తన పట్టికలో ఖాళీ ఉంచాడు. ఇక్కడ నాకు నచ్చేది ఏమిటంటే, ఆ ఖనిజం ఏ గనిదో, ఎక్కణ్ణుంచి వచ్చిందో అందరికీ తెలుసు. ఇంకొంచెం కావాలంటే ఎవర్ని అడగాలో తెలుసు. అదే ముక్క "యూరప్, వెండి ఖనిజం" అనే చీటీతో ఎవరి అల్మారాలోనో పడి ఉంటే ఆ ఏడు శాతాన్ని వెతుక్కుంటూ ఎక్కడికని వెళ్తారు?

పేరున్న గనుల మాట వస్తే నమీబియాలోని ట్సుమెబ్ గురించి చెప్పకుండా ఉండలేను. రాగి, సీసం, జింక్ కోసం 1900ల మొదట్లో పెద్ద ఎత్తున తవ్వడం మొదలుపెట్టి, 1996లో మూసేశారు. భూమిలోకి నిలువుగా దిగిన ఒక్క ఖనిజ గొట్టం, అందులో మూడు వందలకు పైగా ఖనిజాలు! వాటిలో డెబ్భైకి పైగా ప్రపంచానికి మొదటిసారి తెలిసింది అక్కడే. పైనుంచి దిగే నీరు, ఆక్సిజన్ కలిసి సల్ఫైడ్ ఖనిజాన్ని రంగురంగుల కొత్త ఖనిజాలుగా మార్చే మండలం మామూలుగా గని పైభాగంలో ఉంటుంది. ట్సుమెబ్‌లో అలాంటివి మూడు, ఒకదానికింద ఒకటి. అందుకే అక్కడి ముక్కకి "ట్సుమెబ్" అని మాత్రమే రాస్తే చాలదు, ఏ లోతులో దొరికిందో కూడా రాయగలిగితే దాని విలువే వేరు. అక్కడి అజురైట్ అనే నీలం రాగి ఖనిజపు స్ఫటికాల్లో కొన్ని తమ ఆకారం చెడకుండానే మలాకైట్ అనే ఆకుపచ్చ రాగి ఖనిజంగా మారిపోయాయి. సగంలో ఆగిపోయినవి ఇంకా బాగుంటాయి. భూతద్దం పెట్టి చూడండి, అంచుల నుంచి ఆకుపచ్చ లోపలికి పాకుతూ వచ్చి ఒక చోట ఆగి ఉంటుంది, అక్కణ్ణుంచి చిక్కటి నీలం. నేనైతే దాన్ని పట్టుకుని కూర్చుంటే భోజనానికి పిలిచినా వినిపించదు.

ఇక రెండో వర్గం. "ప్రకృతిలో ఉన్నదాన్ని అక్కడే ఉండనివ్వండి, మీ సేకరణంతా దోపిడీ" అని క్లాసు తీసుకునేవాళ్లు. గుహల విషయంలో, రక్షిత ప్రాంతాల విషయంలో వాళ్లు చెప్పేది నూటికి నూరు శాతం కరెక్టు. మెక్సికోలోని నైకా గనిలో 2000లో బయటపడిన గుహనే చూడండి, పదకొండు మీటర్ల పొడవైన జిప్సం స్ఫటికాలు, లోపల యాభై డిగ్రీలు దాటిన వేడి. అక్కడ సుత్తి పట్టుకున్నవాణ్ణి క్షమించక్కర్లేదు. కానీ నడుస్తున్న రాగి గనిలో స్ఫటికం "అక్కడే" ఎలా ఉంటుంది? గని యజమానికి కావలసింది టన్నుకి ఎంత రాగి అనేదే. అజురైట్ ఎంత అందంగా ఉన్నా క్రషర్‌కి ఒకటే, కొలిమికీ ఒకటే. మనం ఈ రోజు మ్యూజియంలో చూస్తున్న వాటిలో చాలా భాగం ఎవరో ఒకరు ఆ దారిలో నుంచి తప్పించి తెచ్చినవే. అమెరికాలో అరిజోనా రాష్ట్రపు బిస్బీ రాగి గనుల్లో, ట్సుమెబ్‌లో, కార్మికులు అన్నం డబ్బాల్లో దాచుకుని బయటికి తెచ్చిన ముక్కలకి లెక్కలేదు. కంపెనీ దృష్టిలో అది దొంగతనం, నాకైతే వాళ్లకి దండం పెట్టాలనిపిస్తుంది.

కానీ ఇందులోనే ఒక తిరకాసు ఉంది. చాటుగా వచ్చిన ముక్క మీద ఏ లెవెల్లో దొరికిందో ఎవరు రాసిపెడతారు? రాస్తే పట్టుబడతారు కదా. అలా గొప్ప ముక్కలు ఎన్నో గని పేరుతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ అమెరికాలోని కొలరాడోలో ఆల్మా అనే ఊరి దగ్గరి స్వీట్ హోమ్ గని. 1870లలో అక్కడ వెండి కోసం తవ్వేవాళ్లకి ఎర్రటి రోడోక్రోసైట్ పనికిరాని రాయి, పక్కన పారేశారు. అదే గనిని 1991లో కేవలం స్పెసిమెన్ల కోసం మళ్లీ తెరిచారు. మరుసటి ఏడాదే ఆల్మా కింగ్ అని పేరుపడ్డ రోడోక్రోసైట్ దొరికింది. ఒక్కో అంచు పద్నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు ఉండే ఎర్రటి స్ఫటికం, ఇప్పుడు డెన్వర్ మ్యూజియంలో ఉంది. వెండి వదిలేసి స్ఫటికం కోసమే తవ్వితే ఎంత జాగ్రత్తగా తీయొచ్చో, ఎంత వివరంగా రాసుకోవచ్చో ఆ గనిని చూసి నేర్చుకోవాలి.

లేబుల్ పోవడం ఒక బాధ. లేబుల్ అబద్ధం చెప్పడం అంతకన్నా ఘోరం. బ్రిటన్‌లో ఆర్థర్ కింగ్స్‌బరీ అని పేరుమోసిన సేకర్త ఉండేవాడు. బ్రిటన్‌లో అంతకుముందు ఎవరికీ దొరకని అరుదైన ఖనిజాలు ఆయనకి దొరుకుతూనే ఉండేవి, అందరూ ఆయన కన్ను చూసి ముచ్చటపడేవాళ్లు. 1968లో ఆయన పోయాక ఆ సేకరణ లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంకి చేరింది. తర్వాత నిపుణులు ఒక్కో ముక్కనీ పట్టుకుని పరిశీలిస్తే అసలు సంగతి బయటపడింది. చాలా ముక్కలు ఆయన రాసిన చోట దొరికినవి కానే కావు, వేరే చోట్ల నుంచి వచ్చినవాటికి బ్రిటిష్ గనుల పేర్లు తగిలించాడు. రాళ్లు అసలైనవే, ఊళ్లే నకిలీవి! దానివల్ల ఏమైందంటే, ఆయన మాట నమ్మి ఏ ప్రాంతంలో ఏ ఖనిజం ఉందని రాసుకున్న జాబితాలన్నీ మళ్లీ తిరగేసుకోవాల్సి వచ్చింది. ఆయన నిజంగా కనుక్కున్నవాటిని కూడా ఇప్పుడు అనుమానంగానే చూడాలి.

ఇలాంటి అబద్ధాన్ని పట్టుకోవడానికి ఆధారం ఎక్కువగా స్ఫటికం కింద ఉంటుంది, పైన ఉండదు. అంటే మ్యాట్రిక్స్, అది అంటుకుని పుట్టిన రాయి. అందుకే "క్లీన్‌గా ఉండాలి" అని మ్యాట్రిక్స్ అంతా కొట్టేసేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. నార్వేలో కాంగ్స్‌బర్గ్ వెండి గనులు 1623లో మొదలై 1950ల చివరిదాకా నడిచాయి. అక్కడి వెండి తీగలు మెలికలు తిరిగి, పొడుగునా సన్నటి గీతలతో ఉంటాయి. అవి తెల్లటి కాల్సైట్‌లో కూరుకుపోయి దొరుకుతాయి కాబట్టి యాసిడ్‌తో కాల్సైట్‌ని కరిగించి తీగని బయటికి తేవడం పాత పద్ధతే, దానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఆఖరి ముక్కదాకా కరిగించేస్తే చేతిలో మిగిలేది ఉత్త వెండి తీగ. కాస్త కాల్సైట్ ఉంచండి బాబూ, రేపు ఎవరైనా అనుమానపడితే సాక్ష్యం చెప్పడానికి అదొక్కటే ఉంటుంది.

అలాగే స్ఫటికం మ్యాట్రిక్స్‌ని కలిసే చోట అతినీలలోహిత టార్చ్ వేసి చూడటం అలవాటు చేసుకోండి. చాలా రకాల జిగురు ఆ వెలుగులో పాలనీలంగా మెరుస్తుంది. ఒకచోట పుట్టిన స్ఫటికాన్ని ఇంకోచోటి రాయికి అతికిస్తే సన్నటి గీతలా బయటపడిపోతుంది. విరిగిన ముక్కని తిరిగి అతికించి, ఆ సంగతి చెప్పి అమ్మితే తప్పేం లేదు. చెప్పకపోవడమే మోసం.

రాళ్లతో రోగాలు నయమవుతాయనే "హీలింగ్" బ్యాచ్ గురించి ఎక్కువ రాసి బీపీ పెంచుకోను. ఎమెథిస్ట్‌ని (ఊదారంగు క్వార్ట్జ్) కాల్చి పసుపు చేసి సిట్రిన్ అంటారు, క్వార్ట్జ్ మీద టైటానియం పూత పూసి ఇంద్రధనుస్సు రంగులు తెప్పిస్తారు, సహజమైన ముఖాల్ని సానపట్టి అన్నిటికీ ఒకే మూస కొస పెడతారు. స్ఫటికం పెరిగేటప్పుడు ముఖాల మీద పడిన మెట్లు, గీతలు అన్నీ ఆ సానలో కొట్టుకుపోతాయి. అది ఏ ఊరిదో ఇక దేవుడే చెప్పాలి. ఎనర్జీ ఉందంటారు, ఏ గనిదో మాత్రం తెలియదంటారు.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. రాయి అడుగున కనిపించని చోట చిన్న తెల్లరంగు చుక్క పెట్టి, దాని మీద నంబరు రాసి, ఆరాక పైన వార్నిష్ వేయండి. అదే నంబరుతో పుస్తకంలో ఖనిజం పేరు, గని, ఊరు, దేశం, ఎవరి దగ్గర తీసుకున్నారు, ఎప్పుడు, అన్నీ రాయండి. ఊహించి రాస్తే పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. పాత లేబుల్ తప్పని తేలినా పారేయకండి, దాని వెనకాల మీ కొత్త లేబుల్ పెట్టండి. బ్రూక్లిన్ బ్రిడ్జి కట్టిన ఇంజనీర్ వాషింగ్టన్ రోబ్లింగ్ 1926లో పోయాక ఆయన పోగుచేసిన దాదాపు 16,000 ముక్కల్ని కొడుకు అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియంకి ఇచ్చాడు. ఎవరి సేకరణైనా ఏదో ఒకరోజు ఇలా చేతులు మారాల్సిందే. అందుకునేవాళ్లకి మిమ్మల్ని అడిగే వీలుండదు. అందుకే ఇంక్‌జెట్ ప్రింట్ మీద కూడా ఆధారపడకండి, తడి తగిలితే అలుక్కుపోతుంది, వెలుతురుకి వెలిసిపోతుంది. పెన్సిలే మేలు.

నా దగ్గర రెండేసి ఉన్నవి అప్పుడప్పుడు అమ్ముతుంటాను. ప్రతి ముక్కతోపాటు దాని పాత చీటీలన్నీ ఒక కవర్‌లో పెట్టి ఇస్తాను. "ఆ కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి, రాయి చాలు" అనేవాళ్లకి మాత్రం అమ్మను. పొగరనుకుంటే అనుకోండి.