కరచాలనం లెక్క తేలింది, బైసరన్ లెక్క తేలలేదు

2025 సెప్టెంబరు 14 రాత్రి దుబాయ్‌లో పాకిస్తాన్‌తో ఆసియా కప్ మ్యాచ్‌ను భారత కెప్టెన్ సూర్యకుమార్ యాదవ్ సిక్సర్‌తో ముగించాడు. 128 పరుగుల లక్ష్యం. ఇంకా నాలుగు ఓవర్లకు పైగా మిగిలే ఉంది. అవతలి ఎండ్‌లో ఉన్న శివమ్ దూబేతో కలిసి అతను, పహల్గాం ఉగ్రదాడికి నిరసనగా ప్రత్యర్థులతో చేతులు కలపకుండా, నేరుగా డ్రెస్సింగ్ రూమ్ దారి పట్టాడు. పాకిస్తాన్ ఆటగాళ్లు చేతులు కలుపుదామని అటు వెళ్లేసరికి తలుపు మూసి ఉంది.

ఆ తర్వాత రెండు వారాలూ రెండు దేశాలూ ఆ తలుపు గురించే మాట్లాడాయి. టాస్ దగ్గర చేతులు కలపవద్దని కెప్టెన్లకు చెప్పారంటూ మ్యాచ్ రెఫరీ ఆండీ పైక్రాఫ్ట్‌ను తప్పించాలని పాకిస్తాన్ బోర్డు పట్టుబట్టింది. ఆ పంతంలో యూఏఈతో మ్యాచ్ గంట ఆలస్యంగా మొదలైంది. సెప్టెంబరు 21న మళ్లీ ఈ రెండు జట్ల మధ్యే జరిగిన మ్యాచ్‌లో పాకిస్తాన్ బౌలర్ హారిస్ రవూఫ్ చేసిన సైగలపై విచారణ ఐదు రోజుల్లో పూర్తయింది. మొదటి మ్యాచ్ తర్వాతి మాటలకు సూర్యకుమార్‌కు, సైగలకు రవూఫ్‌కు, ఇద్దరికీ మ్యాచ్ ఫీజులో 30 శాతం కోత పడింది. చేతి వేళ్లు ఎటు తిరిగాయో, ఏ మాట ఎవరినుద్దేశించి అన్నారో ఇంత శ్రద్ధగా పంచనామా జరిగింది. మరి ఏప్రిల్ 22న ఉగ్రదాడిలో 26 మంది ప్రాణాలు పోయిన, కశ్మీర్‌లోని పహల్గాం దగ్గరి బైసరన్ పచ్చిక మైదానంలో, పర్యాటకులు కిక్కిరిసే వేళ, భద్రతా సిబ్బంది ఎందుకు లేరన్న ప్రశ్నను మనం ఎన్ని రోజులు పట్టుకున్నాం? శవపేటికలు కావలికీ విశాఖకూ కూడా వచ్చాయి.

సూర్యకుమార్ మీద నాకు ఫిర్యాదు లేదు. ప్రభుత్వం, బోర్డు ఏ మాట మీద ఉన్నాయో తామూ అదే మాట మీద ఉన్నామని ఆ రాత్రే చెప్పాడు. అసలు మెలిక అక్కడే ఉంది. పాకిస్తాన్‌తో ద్వైపాక్షిక సిరీస్‌లు వద్దు, ఎక్కువ దేశాలు పాల్గొనే టోర్నీల్లో మాత్రం ఆడవచ్చని ఆగస్టులో క్రీడా మంత్రిత్వ శాఖే విధానం ప్రకటించింది. ఆడవచ్చన్నది ప్రభుత్వం, జట్టును పంపింది బోర్డు. దేశం గాయాన్ని మైదానంలో చూపించే పని మాత్రం కెప్టెన్ మెడకు చుట్టుకుంది. దుబాయ్ మ్యాచ్‌కు దాదాపు రెండు నెలల ముందు బర్మింగ్‌హామ్‌లో రిటైరైన మన ఆటగాళ్లు పాకిస్తాన్‌తో ఆడేది లేదని తేల్చి చెప్పి, సెమీఫైనల్‌ను కూడా వదులుకున్నారు. నేనైతే దానికే ఎక్కువ మార్కులు వేస్తాను. వద్దనుకుంటే బరిలోకి దిగకూడదు. దిగాక అవతలి పదకొండు మందిని ఆటగాళ్లుగానే చూడాలి.

ఇప్పుడు 1999 జూన్ 8కి వెళ్దాం. కార్గిల్ కొండల మీద యుద్ధం నడుస్తోంది. ఆ రోజే మాంచెస్టర్‌లో ప్రపంచ కప్ మ్యాచ్. మన జట్టుకు హైదరాబాదీ అజారుద్దీన్ కెప్టెన్, వాళ్లకు వసీమ్ అక్రమ్. వెంకటేష్ ప్రసాద్ 27 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు, మనం 47 పరుగులతో గెలిచాం, ఆటగాళ్లు చేతులు కలుపుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. కొండల మీద మన సైనికుల పోరు ఆ కరచాలనంతో ఆగలేదు, పలచబడనూ లేదు.

ఆ ఏడాదే జరిగిన రెండో సంగతిని మనం ఎక్కువగా మరచిపోతాం. యుద్ధం ముగిసిన మూడు రోజులకే, జులై 29న, వాజ్‌పేయీ ప్రభుత్వం కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన సమీక్ష కమిటీ వేసింది. అంతమంది చొరబాటుదారులు వచ్చి కూర్చునేదాకా మన నిఘా ఏం చేస్తోందో చూడటం దాని పని. రహస్య భాగాలు తీసేసిన నివేదిక 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చింది. వ్యక్తుల మీద బాధ్యత మోపకుండా వ్యవస్థల మీదికి నెట్టేసిందన్న విమర్శ దాని మీద ఉంది, అది న్యాయమైన విమర్శే. అయినా పార్లమెంటు సభ్యుడు చేత్తో పట్టుకుని ప్రశ్నించడానికి ఒక పుస్తకమైతే ఉంది. అప్పుడు చేతులూ కలిపాం, కమిటీ కూడా వేశాం. 2025లో చేతులు కలపలేదు. కార్గిల్ తరహా సమీక్ష కావాలని ప్రతిపక్షం అడిగితే అదీ జరగలేదు.

జమ్మూ కశ్మీర్‌లో బాధ్యత ఎవరిదన్న విషయంలో చిక్కేమీ లేదు. అక్కడ ఎన్నికైన ముఖ్యమంత్రి చేతిలో పోలీసులు లేరు. శాంతిభద్రతలు లెఫ్టినెంట్ గవర్నర్ ద్వారా కేంద్ర హోంశాఖ చేతిలో ఉన్నాయి. జులైలో లెఫ్టినెంట్ గవర్నర్ మనోజ్ సిన్హా ఒక పత్రికా ఇంటర్వ్యూలో, జరిగింది నిస్సందేహంగా భద్రతా వైఫల్యమేనని, పూర్తి బాధ్యత తనదేనని అన్నారు. ఆ మాట రావడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. వచ్చాక ఏమీ కాలేదు, ఆయన పదవిలో కొనసాగారు. అదే నెల 28న శ్రీనగర్ సమీపంలోని దాచిగాం అడవుల్లో ముగ్గురు ముష్కరులను బలగాలు మట్టుబెట్టాయి, మర్నాడు హోంమంత్రి లోక్‌సభలో ఆ సంగతి చెప్పారు. హంతకులు దొరకడం చిన్న విషయం కాదు. కాకపోతే ఎవరు కాల్చారన్నది ఒక ప్రశ్న, కాల్చేవాడికి ఆ మైదానం అంత ఖాళీగా ఎందుకు దొరికిందన్నది వేరే ప్రశ్న.

రాజీనామా చేస్తే సరిపోతుందా? 2008 ముంబయి దాడి తర్వాత రాజీనామాలు వచ్చాయి. కేంద్ర హోంమంత్రి శివరాజ్ పాటిల్ వెళ్లిపోయారు. మహారాష్ట్ర హోంమంత్రి ఆర్.ఆర్. పాటిల్ వెళ్లిపోయారు. సినిమా దర్శకుడు రాంగోపాల్ వర్మ వెంట ఉండగా తాజ్ హోటల్ శిథిలాలు చూడటానికి వెళ్లి అభాసుపాలైన ముఖ్యమంత్రి విలాస్‌రావ్ దేశ్‌ముఖ్ కూడా కుర్చీ దిగారు. తర్వాతి కథ చూడండి. 2009 మేలో దేశ్‌ముఖ్ కేంద్ర మంత్రి. అదే ఏడాది చివర్లో ఆర్.ఆర్. పాటిల్ మళ్లీ మహారాష్ట్ర హోంమంత్రి. 2010 జనవరిలో శివరాజ్ పాటిల్ పంజాబ్ గవర్నర్. అది బాధ్యత వహించడమంటే నేను ఒప్పుకోను, సెలవు మీద వెళ్లి రావడం అంటాను. 2008 డిసెంబరులో మిగిలిన పనికొచ్చే వస్తువు జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) చట్టం ఒక్కటే. ఆ నెలలో పెద్దమనిషి తరహా చూపించింది ఇంగ్లండ్ క్రికెటర్లు. దాడితో ఆగిపోయిన పర్యటనకు వాళ్లు తిరిగి రాకపోయినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. వచ్చారు. చెన్నైలో 387 పరుగుల లక్ష్యం ఇచ్చి ఓడిపోయారు కూడా. సచిన్ తన అజేయ 103ను ముంబయి ప్రజలకు అంకితమిచ్చాడు.

మన ఊరి సంగతీ చెప్పుకోవాలి. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు. రెండు రోజుల ముందే రాష్ట్రాలను హెచ్చరించామని కేంద్ర హోంమంత్రి షిండే అన్నారు. అది ఎప్పుడూ వచ్చే మామూలు హెచ్చరికేనని ఇక్కడి ప్రభుత్వం అంది. బంతి అటూ ఇటూ తిరిగింది కానీ ఎవరూ పట్టుకోలేదు. తొమ్మిది రోజులకు ఉప్పల్‌లో టెస్టు మొదలైంది. ఆస్ట్రేలియా జట్టు వచ్చి ఆడింది, పుజారా 204 కొట్టాడు. దోషులు ఐదుగురి ఉరిశిక్షను తెలంగాణ హైకోర్టు ఖరారు చేసింది 2025 ఏప్రిల్ 8న, అంటే బైసరన్‌కు సరిగ్గా రెండు వారాల ముందు. ఆ హెచ్చరిక ఏ బల్ల మీద ఆగిపోయిందన్నది మాత్రం ఏ కోర్టూ తేల్చే విషయం కాదు.

అది ఎలా తేల్చవచ్చో న్యూజిలాండ్ చూపించింది. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో ఒక ముష్కరుడి కాల్పులకు 51 మంది చనిపోయారు. బంగ్లాదేశ్ జట్టు బస్సు ఆ సమయానికి మసీదు దగ్గర్లోనే ఉంది. విలేకరుల సమావేశం కాస్త సాగడం వాళ్లను కాపాడింది. టెస్టు రద్దయింది. నెల తిరగకముందే తుపాకుల చట్టం 119–1 ఓట్లతో మారింది. 2020 డిసెంబరులో రాయల్ కమిషన్ నివేదిక 44 సిఫార్సులతో బయటికి వచ్చింది. ముష్కరుడికి తుపాకి లైసెన్సు ఇవ్వడంలో పోలీసుల లోపాలను అది ఎత్తిచూపింది. ప్రధాని జసిండా ఆర్డెర్న్ క్షమాపణ చెప్పారు. ఆమె రాజీనామా చేయలేదు, చేయాలని పెద్దగా ఎవరూ అడగలేదు కూడా, ఎందుకంటే అడగాల్సినవన్నీ అప్పటికే కాగితం మీద ఉన్నాయి.

సరిహద్దు అవతల పరిస్థితి ఇంకో రకం. సెప్టెంబరు 28న ఫైనల్ ముగిశాక కప్పు ఇవ్వడానికి వేదిక మీద నిలబడిన మొహసిన్ నఖ్వీ ఆసియా క్రికెట్ మండలి అధ్యక్షుడు, పాకిస్తాన్ బోర్డు అధ్యక్షుడు, ఆ దేశ హోంమంత్రి కూడా. బలూచిస్తాన్‌లో జాఫర్ ఎక్స్‌ప్రెస్‌ను మిలిటెంట్లు హైజాక్ చేస్తే బదులు చెప్పాల్సిన మనిషికి క్రికెట్ కప్పు పంచే తీరిక దొరకడమే అసలు వింత. మనవాళ్లు ఆయన చేతి నుంచి తీసుకోలేదు, ఆయన కప్పు వదల్లేదు. 20 పరుగులకే 3 వికెట్లు పోయిన స్థితి నుంచి అజేయంగా 69 పరుగులు చేసి గెలిపించిన హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ, సహచరులతో కలిసి లేని కప్పును పైకెత్తి ఫొటో దిగాడు.

ఆ టోర్నీ మ్యాచ్ ఫీజంతా సైన్యానికీ పహల్గాం బాధిత కుటుంబాలకూ ఇస్తానని సూర్యకుమార్ అదే రాత్రి ప్రకటించాడు. ఒక బ్యాటర్ తన వంతు తాను లెక్క కట్టుకున్నాడు. ఆ కుటుంబాలకు అందాల్సింది ఇంకొకటి ఉంది: ఏప్రిల్ 22న బైసరన్ బందోబస్తు ఎవరి బాధ్యతో, దాన్ని ఎవరు ఎందుకు వదిలేశారో పేర్లతో సహా రాసి ఉన్న కాగితం.